కొత్వాలు కుర్చీకి కావలి యెవరు?

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు దక్షిణపు దిక్కున, లాల్‌దర్వాజాకు చేరువగా గౌలిపుర అను పేట కలదు. పాడిపశువులను పెంచి పాలమ్ముకొను గౌళీల పేరు ఈ పేటకు నిలిచినది. ఆషాఢమాసములో లాల్‌దర్వాజా సింహవాహినీ మహంకాళి బోనాలు వచ్చినప్పుడు ఇచ్చటి వీథులు వేపమండలతోను, పసుపునీటితోను, డప్పుల మ్రోతతోను నిండిపోవును. మొహర్రము పదవనాడు దబీర్‌పురలోని బీబీకా అలావా నుండి ఏనుగుపై బయలుదేరు అలము చార్మినారు మీదుగా చాదర్‌ఘాటు చేరును. భాద్రపదములో వినాయకుని ఊరేగింపులు. రంజాను నెలలో తెల్లవారువరకు మేలుకొనియుండు అంగళ్లు. ఆ వీథులు, ఆ మలుపులు, ఆ ఇరుకుసందులు అందరికిని కావలసినవే.

రెండు పంచాంగములును చంద్రుని ననుసరించియే నడచినను వాటి లెక్కలు వేరు. అందుచే ఒక్కొక్కయేడు రెండు మతముల పండుగలును ఒకే దినమున తటస్థించుచుండును. 2023 సెప్టెంబరు 28న వినాయక నిమజ్జనమును, మిలాదున్నబీయు ఒకే రోజున పడినవి. పెద్దలు కూర్చుండి మాటలాడుకొని మిలాదు ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకొనిరి. ఇట్టి మాట కుదురుటకు ఇరువైపులవారి మంచితనముతోపాటు మరియొకటి కావలెను. నడుమ నిలిచిన పోలీసు అధికారి ఎవరి పక్షమువాడును కాడను నమ్మకము రెండు వాకిళ్లలోను ఉండవలెను. ఆ నమ్మకము లేనిచోట ఒక పుకారు చాలును, ఒక రాయి చాలును. 1990 డిసెంబరులో పాతబస్తీ చూచిన నెత్తురును, రోజుల తరబడి సాగిన కర్ఫ్యూను ఎరిగినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

గౌలిపుర చుట్టుపట్లనున్న ఛత్రినాక, మొగల్‌పుర, షాలిబండ ఠాణాల జవాను తన ఇన్‌స్పెక్టరు ముఖము చూచును. ఇన్‌స్పెక్టరు తన పైయధికారి ముఖమును, ఆయన నగర కమీషనరు ముఖమును చూతురు. మరి కమీషనరును, ఆయనకు పైన రాష్ట్ర పోలీసు అధిపతియైన డైరెక్టరు జనరలును ఎవరి ముఖము చూచెదరు? రేపు తామీ కుర్చీలో ఉండవలెనో కూడదో నిర్ణయించువారి ముఖము చూచుట మానవస్వభావము. కాబట్టి పెద్ద అధికారిని నియమించు విధానము సచివాలయపు గోడల నడుమ జరుగు వ్యవహారముగా కనబడినను, దాని ఫలము అనుభవించువాడు గౌలిపుర సందులోని పాలవాడు, గాజులమ్ముకొనువాడు, కూలివాడు.

ఏకప్రభువు కొలువులో

పాత హైదరాబాదు రాజ్యములో ఈ ప్రశ్నకు సమాధానము సులభముగా నుండెను. జిల్లాల పోలీసు వేరు, నగర పోలీసు వేరు. నగరమునకు కొత్వాలు అధిపతి. అతనిని నియమించువాడును, తొలగించువాడును నిజాము ప్రభువే. ప్రభువు చిత్తము నిలిచినన్నాళ్లు కుర్చీ నిలుచును. చిత్తము మారిన దినమున కుర్చీయు మారును.

ఆ కుర్చీపై తెలుగువారు గర్వించదగిన ఒక పురుషుడు కూర్చుండెను. ఆయనయే రాజా బహద్దూరు వెంకటరామారెడ్డి. వనపర్తి సంస్థాన ప్రాంతమున 1869లో జన్మించి, చిన్నదగు అమీను ఉద్యోగముతో పోలీసుశాఖలో అడుగిడి, 1920లో నగర కొత్వాలు పదవి నందుకొనెను. ఆ పదవి కెక్కిన మొదటి హిందువు ఆయనయే. ముస్లిం ప్రభువు కొలువులో, అన్ని మతములవారు కలసి మెలసి యుండు నగరములో, 1934 వరకు పదునాలుగేండ్లు ఆ బాధ్యత వహించెను. పల్లెలనుండి చదువుకై వచ్చు పిల్లలకొరకు 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలుకు ఆయన ప్రాణము పోసెను. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆయన జీవితచరిత్ర వ్రాసిరి. 1953లో ఆయన కన్నుమూసిరి.

ఈ పదునాలుగేండ్ల కాలమునుండి రెండు పాఠములు తీయవచ్చును. అధికారికి కాలపు భరోసా ఉన్నచో నగరమును చక్కగా నెరుగుననునది మొదటిది. ఏ మసీదు పెద్ద మాటకు విలువ గలదో, ఏ గుడి ధర్మకర్త కోపిష్ఠియో, ఏ మలుపులో ఊరేగింపు ఆగిపోవునో ఒక్క సంవత్సరములో తెలియదు. రెండవ పాఠము చేదైనది. ఆ భరోసా చట్టమువలన వచ్చినది కాదు. ఒక ప్రభువు అనుగ్రహమువలన వచ్చినది. మంచి ప్రభువు, మంచి అధికారి ఒకేకాలమున తటస్థించుట అదృష్టము. ఆ వ్యవస్థయే 1947, 1948 సంవత్సరములలో రజాకార్ల ఆగడములు పెచ్చుమీరినప్పుడు పౌరులకు అడ్డు నిలువలేకపోయెను. అదృష్టముపై కట్టిన ఇల్లు గాలివానకు నిలువదు.

ప్రజాప్రభుత్వము వచ్చిన తరువాత

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గము ఏర్పడెను. ఆ యేడే సెప్టెంబరు 3, 4 తేదీలలో ముల్కీ ఆందోళనలో పాల్గొన్న విద్యార్థులపై హైదరాబాదులో పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. ఉన్నత న్యాయస్థాన న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారు విచారణ జరిపిరి. విచారణలు అవసరమైనవే, కాని అవి నెత్తురు చిందిన పిదప వచ్చునవి. నెత్తురు చిందకముందు పనిచేయవలసిన కట్టుబాటు ఏది?

అట్టి కట్టుబాటు చట్టములో కనబడలేదు. బ్రిటిషు ఇండియాలో 1861 నాటి పోలీసు చట్టము పోలీసుపై పర్యవేక్షణాధికారమును ప్రభుత్వమునకే ఇచ్చెను. 1857 తిరుగుబాటు తరువాత పాలకులకు కావలసినది ప్రజలకు జవాబు చెప్పు పోలీసు కాదు, తమకు లోబడిన పోలీసు. హైదరాబాదు నగరమునకు 1348 ఫస్లీ నాటి నగర పోలీసు చట్టము, అనగా 1938–39 ప్రాంతపు శాసనము, నిజాము కాలమున రూపొందినది. పాలకులు మారిరి, జెండాలు మారినవి; కళ్లెము మాత్రము అట్లే నిలిచినది. నిన్న దొర చేతిలో నుండినది నేడు మంత్రి చేతిలోనికి వచ్చెను.

ఈ కళ్లెమును ఎంత గట్టిగా లాగవచ్చునో 1975 నుండి 1977 వరకు సాగిన అత్యవసర పరిస్థితి దేశమునకు చూపెను. ఆ చేదు అనుభవము తరువాత 1977 నవంబరులో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషను ఏర్పడెను. 1981 వరకు పనిచేసి అది ఎనిమిది నివేదికలు సమర్పించెను. పోలీసు అధిపతికి నిశ్చితమైన పదవీకాలము ఉండవలెననియు, ప్రభుత్వమునకును పోలీసుకును నడుమ ఒక రాష్ట్ర భద్రతా సంఘము ఉండవలెననియు ఆ కమిషను సూచించెను. నివేదికలు బీరువాలలో పడియుండెను. పిదప 1998లో రిబేరో కమిటీ, 2000లో తెలుగువాడగు కె. పద్మనాభయ్యగారి కమిటీ ఏర్పడినవి. రోగము తెలిసినది, మందు తెలిసినది. మందు తాగించువారే లేకపోయిరి.

న్యాయస్థానపు మాట

చివరకు ఒక పోలీసు అధికారియే న్యాయస్థానము తలుపు తట్టెను. ఉత్తరప్రదేశ్, అస్సాం రాష్ట్రములలో పోలీసు అధిపతిగాను, సరిహద్దు భద్రతాదళ అధిపతిగాను పనిచేసిన ప్రకాశ్ సింగుగారు 1996లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసిరి. పదేండ్లకు, 2006 సెప్టెంబరు 22న, ప్రధాన న్యాయమూర్తి వై.కె. సభర్వాలుగారి ధర్మాసనము తీర్పు చెప్పెను. తీర్పులోని ఏడు ఆదేశములలో ఈ విషయమునకు ముఖ్యమైనవి కొన్ని గలవు.

రాష్ట్ర పోలీసు అధిపతిని ప్రభుత్వమే నియమించును. కాని తనకు తోచినవానిని కాదు. కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషను జ్యేష్ఠులలోనుండి సేవాకాలమును, సేవా చరిత్రను, అనుభవమును చూచి ముగ్గురి పేర్ల పట్టిక తయారుచేయును. ఆ ముగ్గురిలో ఒకరిని ప్రభుత్వము ఎన్నుకొనవలెను. ఎన్నుకొనబడినవానికి కనీసము రెండేండ్ల కాలము ఉండవలెను. శిక్షాచర్య, నేరనిర్ధారణ, అశక్తత వంటి చెప్పదగిన కారణమున్నప్పుడే, అదియు రాష్ట్ర భద్రతా సంఘమును సంప్రదించియే, ఆయనను తొలగించవలెను. జిల్లా సూపరింటెండెంటు మొదలు ఠాణా అధికారి వరకు క్షేత్రములో పనిచేయు అధికారులకును రెండేండ్ల కనీస కాలము వర్తించును. క్రింది అధికారుల బదిలీలు డైరెక్టరు జనరలును, నలుగురు సీనియరు అధికారులును కూడిన పోలీసు వ్యవస్థాపన మండలి చేయవలెను. ప్రభుత్వము ఆ నిర్ణయమును మార్చదలచినచో కారణము వ్రాతమూలకముగా చెప్పవలెను.

ఈ తీర్పులోని నేర్పు గమనింపదగినది. ప్రభుత్వమునుండి అధికారమును లాగికొనలేదు. దానికి అంచులు కట్టినది. ఎన్నుకొనుట ప్రభుత్వమునకే వదలి, ఎవరినుండి ఎన్నుకొనవలెనో వేరొకరికి అప్పగించెను. మార్చుట నిషేధింపలేదు, మార్చిన కారణము చెప్పుమనెను. చీకటిలో చేయు పనిని దీపము వెలుతురులో చేయుమని చెప్పుటయే ఈ తీర్పు సారము.

తాత్కాలికమను ఉపాయము

తీర్పు వచ్చిన తరువాత దానిని తప్పించుకొను త్రోవలు పుట్టినవి. వాటిలో మిక్కిలి మెత్తనిది ‘ఇన్‌చార్జి’ నియామకము. పూర్తికాలపు అధిపతిని నియమించినచో పట్టిక కావలెను, రెండేండ్ల హామీ కావలెను. తాత్కాలికముగా బాధ్యత అప్పగించినచో ఏదియు అక్కరలేదు. ఇన్‌చార్జిగానున్న అధికారికి శాశ్వతత్వము ఒక ఆశ, తొలగింపు ఒక భయము. ఆశయు భయమును ఒకేచేతిలో నున్నప్పుడు ఆ చేయి ఆజ్ఞ ఇయ్యనక్కరలేదు, కనుసైగ చాలును.

తెలుగు నేలపై ఈ చరిత్ర స్పష్టముగా కనబడును. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు తొలి డైరెక్టరు జనరలుగా అనురాగ్ శర్మగారు ఇన్‌చార్జిగానే బాధ్యత స్వీకరించిరి. 2015 నవంబరులో గాని పూర్తిస్థాయి నియామకము జరుగలేదు. 2017 నవంబరులో ఎం. మహేందర్‌రెడ్డిగారును మొదట ఇన్‌చార్జిగానే వచ్చిరి. 2018లో తెలంగాణ శాసనసభ పోలీసు అధిపతి ఎంపికకు ప్రత్యేక చట్టము చేయగా, ఆ యేడు ఏప్రిలులో ఆయన నియామకము స్థిరపడెను. ఆ యేడే జూలై 3న సుప్రీంకోర్టు ఇన్‌చార్జి అధిపతులను నియమింపరాదనియు, పదవి ఖాళీయగుటకు మూడు నెలల ముందే పేర్లు పంపవలెననియు, తన ఆదేశములకు విరుద్ధములైన చట్టములు నిలిచిపోవలెననియు అన్ని రాష్ట్రములకు చెప్పెను. అయినను 2022 డిసెంబరు చివర తెలంగాణలో మరల అదనపు బాధ్యతగానే అంజనీకుమారుగారికి ఆ పదవి అప్పగింపబడెను.

ఆంధ్రప్రదేశములోను కథ వేరుగా లేదు. 2019 మే నెలలో ప్రభుత్వము మారగనే, యేడాది నిండకమునుపే ఆర్.పి. ఠాకూరుగారి స్థానమున గౌతం సవాంగుగారు వచ్చిరి. 2022 ఫిబ్రవరిలో ఆయన స్థానమున కె.వి. రాజేంద్రనాథరెడ్డిగారు ఇన్‌చార్జిగా నియమితులై రెండేండ్లకు పైగా అట్లే కొనసాగిరి. 2024 మే నెలలో ఎన్నికల కమిషను ఆయనను బదిలీచేసి హరీశ్ కుమార్ గుప్తాగారిని నియమింపజేసెను. జూనులో మరియొక ప్రభుత్వము వచ్చి మరియొక అధిపతిని తెచ్చెను. ఈ వరుసలో అన్ని రాజకీయపక్షములును ఉన్నవి. ఒకరిని వేలెత్తి చూపి మరియొకరిని వదలుట న్యాయము కాదు. ప్రతిపక్షములో నున్నప్పుడు పోలీసు స్వతంత్రత కోరువారు, గద్దెనెక్కిన మరునాడు ఆ కోరికను మరచుట ఈ దేశపు సామాన్యాచారము.

అరువది నెలలలో రెండు నెలలు

పురానా హవేలీలో చిరకాలము నడచిన నగర కమీషనరు కార్యాలయము పిదప బషీర్‌బాగుకును, 2022లో బంజారాహిల్సులో కట్టిన కమాండు కంట్రోలు భవనమునకును తరలెను. భవనము పెరిగినది, కుర్చీ కుదురు మాత్రము తగ్గినది. 2021 డిసెంబరులో సి.వి. ఆనందుగారు నగర కమీషనరైరి. 2023 అక్టోబరులో శాసనసభ ఎన్నికల ముందు ఎన్నికల కమిషను ఆయనను బదిలీ చేయించగా సందీప్ శాండిల్యగారు వచ్చిరి. డిసెంబరులో క్రొత్త ప్రభుత్వము కె. శ్రీనివాసరెడ్డిగారిని నియమించెను. 2024 సెప్టెంబరులో మరల ఆనందుగారే వచ్చిరి. ఒక సంవత్సరము తిరుగకముందే కుర్చీ మూడుమార్లు చేతులు మారెను. ఈ అధికారులలో ఎవరి సామర్థ్యమును శంకింపనక్కరలేదు. శంకింపవలసినది, సమర్థులకు సైతము కాలూననియ్యని పద్ధతిని.

ఎన్నికల కమిషను జోక్యము క్రొత్తది కాదు. 2009 సార్వత్రిక ఎన్నికల వేళ ఉమ్మడి ఆంధ్రప్రదేశములో డైరెక్టరు జనరలు ఎస్.ఎస్.పి. యాదవుగారిని తప్పించి ఎ.కె. మహంతిగారిని నియమింపజేసినది కమిషనే. ఎన్నికలు ముగియగనే యాదవుగారు తిరిగి వచ్చిరి. 2023 డిసెంబరు 3న, ఓట్లు లెక్కించు దినముననే, గెలుపొందుచున్న పక్షపు నాయకుని ఇంటికి వెళ్లి కలిసినందుకు డైరెక్టరు జనరలు అంజనీకుమారుగారిని కమిషను సస్పెండు చేసెను. కొన్ని రోజులకు ఆ ఉత్తరువు ఎత్తివేయబడెను. లెక్కింపు పూర్తి కాకముందే రాష్ట్ర పోలీసు అధిపతి రేపటి ముఖ్యమంత్రి గుమ్మము తొక్కవలసి వచ్చినదనగా, ఆ దోషమును ఒక వ్యక్తిపై మోపి ఊరకుండరాదు. కుర్చీ ఎవరి చేతిలో నున్నదో ఆ దృశ్యము లోకమునకు చూపెను.

శాసనసభకు అయిదేండ్ల కాలము, అనగా అరువది నెలలు. ఎన్నికల నియమావళి అమలులోనుండు రెండు నెలల పాటు పోలీసు నిష్పక్షపాతముగా నుండుటకై పైనుండి ఒక సంస్థ కావలి కాయవలసి వచ్చుచున్నది. మిగిలిన ఏబది యెనిమిది నెలలలో పండుగలు రావా? ఊరేగింపులు సాగవా? పేదవాని ఫిర్యాదు ఠాణాకు చేరదా?

చేయి మార్చిన మాత్రమున

కళ్లెమును ఒక చేతినుండి మరియొక చేతికి మార్చినచో సరిపోవునా? హైదరాబాదునందే ఆ ప్రయోగమునకును ప్రయత్నము జరిగెను. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టము ఎనిమిదవ విభాగము, ఉమ్మడి రాజధానిలో ప్రజల ప్రాణ, స్వేచ్ఛ, ఆస్తి రక్షణ విషయమై గవర్నరుకు ప్రత్యేక బాధ్యత నొసగెను. 2014 ఆగస్టులో కేంద్ర హోంశాఖ ఆ అధికారమును పోలీసు వ్యవహారములలో వినియోగించు తీరును గూర్చి లేఖ వ్రాయగా, ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు తీవ్రముగా ప్రతిఘటించిరి. పార్లమెంటులోను గొడవ జరిగెను. అప్పటి గవర్నరు ఇ.ఎస్.ఎల్. నరసింహనుగారు స్వయముగా పూర్వ పోలీసు అధికారి, ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతిగా పనిచేసినవారు. అయినను ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమును ప్రక్కకు నెట్టి, ఎన్నికకాని వ్యక్తికి పోలీసును అప్పగించుట ఎంతవరకు సబబు అను ప్రశ్న బలముగా లేచెను. ఆ విభాగపు పదేండ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసెను.

ఆ వివాదము ఒక మేలు చేసెను. పోలీసు స్వతంత్రత యనగా ముఖ్యమంత్రి చేతినుండి గవర్నరు చేతికో, రాష్ట్రము చేతినుండి కేంద్రము చేతికో కళ్లెమును మార్చుట కాదని తేటపడెను. ఎవరి చేతిలో నున్నను ఆ చేతికి నియమము కావలెను. ప్రజాస్వామ్యవాదుల శంకకు సైతము ఇందే సమాధానము గలదు. ప్రజలకు జవాబు చెప్పవలసినది మంత్రి కాబట్టి, తన విధానము నడపు అధికారిని ఎన్నుకొను హక్కు ఆయనకు లేదా? ఎవరికిని జంకని పోలీసు ఇంకను ప్రమాదకరము కాదా? ఈ ప్రశ్నలు తోసివేయదగినవి కావు. పోలీసు తనకు తానే ప్రభువైనచో ప్రజలకు దిక్కుండదు. అందుచేతనే సుప్రీంకోర్టు తీర్పులో పోలీసు పై ఫిర్యాదులు విను ప్రత్యేక అథారిటీలు సైతము చేర్చబడినవి. రాష్ట్ర భద్రతా సంఘమునకు ముఖ్యమంత్రియో, హోంమంత్రియో అధ్యక్షుడుగా నుండవలెనని చెప్పబడినది. విధానము చెప్పుట మంత్రి పని. ఫలానివానిని అరెస్టు చేయుము, ఫలానివాని జోలికి పోకుము అని చెప్పుట ఆయన పని కాదు. 1968లో ఇంగ్లండున బ్లాక్‌బర్ను వ్యాజ్యములో లార్డ్ డెన్నింగు ఈ గీతనే గీసెను: నేరముల విషయమున పోలీసు అధిపతి జవాబుదారి చట్టమునకే, మంత్రికి కాదు.

ఇతర దేశములలో ఇట్టి గీతలు సంస్థలుగా రూపుదాల్చినవి. జపాను దేశము యుద్ధానంతరము పోలీసును పునర్నిర్మించినప్పుడు, 1954 చట్టముతో జాతీయ ప్రజాభద్రతా సంఘమును స్థిరపరచెను. దానికి ఒక మంత్రి అధ్యక్షుడు; అయిదుగురు సభ్యులు పార్లమెంటు ఉభయసభల సమ్మతితో నియమింపబడుదురు. వారిలో ఒకే రాజకీయపక్షమునకు చెందినవారు ముగ్గురుండరాదు. మంత్రి ఉన్నాడు, పార్లమెంటు ఉన్నది. కాని కుర్చీ ఒక్కని పిడికిలిలో లేదు.

నియమము నిలబడిన ఉదాహరణ స్వదేశములోను కలదు. 2016లో కేరళలో ప్రభుత్వము మారినప్పుడు పోలీసు అధిపతి టి.పి. సేన్‌కుమారుగారిని తొలగించిరి. ఆయన న్యాయస్థానమున పోరాడగా, 2017 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదని తీర్పిచ్చి తిరిగి నియమింపుమనెను. జూను చివర ఆయన పదవీవిరమణ చేసిరి. తిరిగి దక్కిన కాలము రెండు నెలలైనను నిండలేదు. న్యాయము గెలిచినను గడియారము ఆగదు. కాబట్టి నియమమును ముందుగా పాటించుటయే మేలు. కోర్టు ద్వారా తెచ్చుకొనుట కడపటి మార్గము.

తరగతిగదిలో తెలిసిన న్యాయము

ఈ విషయమంతయు బడిపంతుళ్లకును, విద్యార్థులకును క్రొత్తది కానేకాదు. పదవతరగతి పరీక్ష జవాబుపత్రములు వ్రాసిన పిల్లవాని ఊరిలో దిద్దబడవు. పేరు చింపి, సంఖ్య వేసి, వేరు జిల్లాకు పంపుదురు. సొంతబడి ఉపాధ్యాయుడు అవినీతిపరుడని ఎవరైన అనుకొందురా? అనుకొనరు. ఆయన నిజాయితీపరుడే. అయినను ఊరి పెద్ద కొడుకు పత్రము ఆయన చేతిలో పెట్టి, ఆ పెద్ద ఇంటిముందే ఆయనను బ్రతుకుమనుట న్యాయము కాదని విద్యాశాఖ ఎరుగును. ఆ నియమము ఉపాధ్యాయుని అవమానింపదు. ఆయన నిజాయితీకి గొడుగు పట్టును. పిల్లవాని తండ్రియే పరీక్షాధికారిని ఎన్నుకొని, తనకు నచ్చని మార్కులు వేసిన మరునాడు బదిలీ చేయగలిగినచో ఆ మార్కులను ఎవరు నమ్ముదురు? అధికారపక్షమువాని కొడుకు మీద ఫిర్యాదు వచ్చిన దినమున పోలీసు అధికారి పరిస్థితి అదియే.

కనుక పౌరశాస్త్రపు పాఠములో ఒక ప్రశ్న అదనముగా చేర్చుకొనుట మంచిది. పోలీసు పెద్ద మారినప్పుడెల్ల పత్రికలు ‘ఎవరు వచ్చిరి’ అని వ్రాయును. చదువరి మూడు విషయములు విచారింపవలెను. పాతవాడు ఎందుకు పోయెను, ఎన్నాళ్లుండి పోయెను, క్రొత్తవాడు ఏ పట్టికనుండి వచ్చెను. ఈ మూడింటికిని ప్రభుత్వము బహిరంగముగా జవాబు చెప్పగలిగిన దినమున నియమము బ్రతికియున్నదని తెలియును. జవాబు లేనప్పుడు, ఆ పక్షము ఈ పక్షము అను భేదము లేక, మరల మరల అడుగుటయే పౌరుల వంతు.

వెంకటరామారెడ్డివంటి అధికారులు ప్రతి తరములోను పుట్టుదురు. ఈ నేల గొడ్డుపోలేదు. అట్టివారు దొరికినప్పుడు ఒక ప్రభువు చల్లని చూపు లేకున్నను పనిచేయగల చోటు వారికి ఉన్నదా అనునదే విచారింపవలసిన విషయము. ఇన్‌స్పెక్టరు నిలబడు మలుపులో రేపు రెండు ఊరేగింపులు ఎదురుపడవచ్చును. ఆ క్షణమున ఆయన టెలిఫోను వంక చూచునో, చట్టము వంక చూచునో, ఎంతోముందుగా, ఎక్కడనో సంతకమైన ఒక నియామకపు ఉత్తరువు నిర్ణయించియే యుండును.